రోడ్డు మీద రాలిన పెచ్చు: రామగుండం పోలీస్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ



మొదటి షిఫ్టుకు పోతున్న మనిషిని రాజీవ్ రహదారి మీద ఏ బొగ్గు టిప్పరో, బూడిద లారీయో గుద్ది ఆగకుండా వెళ్లిపోతే మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది. గుర్తుతెలియని వాహనం ఢీకొని ఒకరు మృతి. ఆ వార్తకు రెండో భాగం వచ్చేది అరుదు. ఆ రెండో భాగం రాయడానికి కావలసిన సరుకు చాలాసార్లు ఆ రోడ్డు మీదే పడి ఉంటుంది: గోరులో సగమంత పెయింటు పెచ్చు, హెడ్‌లైటు బల్బు ముక్క, మడ్‌గార్డు కింద నుంచి ఊడిపడిన మట్టిగడ్డ. పంచులు దొరికి పంచనామా మొదలయ్యేసరికి వాటి మీదుగా వందల బండ్లు పోయి ఉంటాయి. ఎవరో ఒకరు తెల్లారకముందే అద్దం పెంకులు గుచ్చుకుంటాయని చీపురుతో పక్కకు ఊడ్చేసి కూడా ఉంటారు.

ఈ లేఖ ఆ పెచ్చు గురించి.

2024 జులై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 176(3) ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరం జరిగితే ఫోరెన్సిక్ నిపుణుడు స్వయంగా ఘటనా స్థలానికి వెళ్లాలి. ఆధారాలు సేకరించాలి, అదంతా వీడియో తీయించాలి. ఇందుకు సిద్ధం కావడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. బాగానే ఉంది. కానీ నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసిన కేసు భారతీయ న్యాయ సంహిత 106(1) కిందికి వస్తుంది. దానికి గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. గుద్ది, ఎవరికీ చెప్పకుండా పారిపోతే పదేళ్లు అని 106(2)లో రాశారు గానీ, 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన ఆ రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. కేంద్రం వెనక్కి తగ్గింది. ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఆ ఒక్క ఉపసెక్షన్‌ను వదిలేసి మిగతా సంహితను అమల్లోకి తెచ్చింది.

డ్రైవర్ల భయం అబద్ధమేమీ కాదు. ఆగితే జనం కొడతారు, బండి తగలబెడతారు. అది వేరే చర్చ. ఇక్కడ చెప్పదలచుకున్నది వేరు. చట్టం అడిగేది ఏడేళ్లు, ఈ నేరానికి ఉన్నది ఐదేళ్లు. ఆ రెండేళ్ల తేడాతో గుర్తుతెలియని వాహనం కేసుకు ఫోరెన్సిక్ నిపుణుడు తప్పనిసరిగా రావాలన్న నిబంధన వర్తించకుండా పోయింది. పెయింటు, లోహం, మట్టి ఇవే ప్రధాన సాక్షులయ్యే నేరం ఏదైనా ఉందంటే అది ఇదే. సరిగ్గా దాన్నే చట్టం బయట నిలబెట్టింది. రావద్దని మాత్రం చట్టం ఎక్కడా అనలేదు. కమిషనరేట్ తలచుకుంటే పంపవచ్చు.

ఎందుకు పంపాలో చెప్పడానికి ఒక లెక్క చాలు. గుద్దిన బండి దొరకకపోతే మృతుడి కుటుంబానికి వచ్చేది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద 2 లక్షల రూపాయలు. తీవ్ర గాయాలైతే 50 వేలు. బండి దొరికితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ముప్పై ఏళ్ల కాంట్రాక్టు కార్మికుడు, నెలకు 15 వేల జీతం, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకుందాం. సుప్రీంకోర్టు సరళా వర్మ, ప్రణయ్ సేఠీ తీర్పుల్లో చెప్పిన పద్ధతి ప్రకారం భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే నెలకు 21 వేలు. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకు గుణకం 17. మొత్తం 32,13,000 రూపాయలు. అంత్యక్రియలు వగైరా వేరు. అంటే బండి దొరకడానికీ దొరకకపోవడానికీ మధ్య ఆ కుటుంబానికి ముప్పై లక్షల తేడా. గోదావరిఖనిలో పిల్ల ఇంజినీరింగ్ చదువు ఆగిపోతుందా సాగుతుందా అన్నది ఆ తేడాలోనే ఉంది.

మరో సంగతి. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావులేని రుజువు కావాలి. ట్రిబ్యునల్‌కు మొగ్గు ఎటుందో తేలితే చాలు. డ్రైవరుకు శిక్ష వేయడానికి సరిపోని పెయింటు నివేదిక కూడా అక్కడ కుటుంబాన్ని నిలబెట్టగలదు. అదే నివేదిక ఇన్సూరెన్సు డబ్బు కోసం ఎవరిదో బండిని తెచ్చి ఇదే గుద్దిందని చూపించే బాపతు కేసుల్ని కూడా బయటపెడుతుంది. అది రెండు వైపులా పదునున్న కత్తి. కాబట్టే నమ్మదగినది.

ఇక ఆ పెచ్చులో ఏముంటుందో దగ్గరగా చూద్దాం. కొత్త కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు రేకు మీద మామూలుగా నాలుగు పొరలుంటాయి. తుప్పు పట్టకుండా విద్యుత్ సాయంతో పట్టించే ప్రైమరు, దాని మీద నునుపు కోసం ఇంకో ప్రైమరు, ఆ పైన రంగు, అన్నిటికన్నా పైన రంగులేని మెరుపు పొర. నాలుగూ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు దగ్గరే ఉంటుంది. పెచ్చును రెసిన్‌లో నిలబెట్టి, అడ్డంగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెడితే పొరలు చారలుగా కనిపిస్తాయి. ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష ఏ పొరలో ఏ జిగురు పదార్థం వాడారో చెబుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు తగిలించిన ఎక్స్‌రే పరికరం రంగులో ఏ మూలకాలున్నాయో చూపిస్తుంది. పాత తరహా పసుపు ఎనామిల్ అయితే సీసం, క్రోమియం రెండూ బయటపడతాయి. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2017 నవంబరు నుంచి నిబంధన ఉన్నా, పరిశ్రమల్లో వాడే పెయింట్లు దాని కిందికి రావు. కెనడా పోలీసులు కార్ల కంపెనీల పెయింటు పొరల వివరాలు సేకరించి, పీడీక్యూ అనే పెద్ద డేటాబేసు నడుపుతున్నారు. పెచ్చు ఒక్కటే దొరికినా అది ఏ కంపెనీ, ఏ ఏళ్ల మధ్య తయారైన బండిదో అందులో వెతికి చెప్పగలరు.

మన టిప్పరు సంగతి వేరు, ఇంకా మేలు కూడా. ఫ్యాక్టరీ పెయింటు లక్ష బండ్లకు ఒకటే. అది కలిసిందంటే ఆ లక్షలో ఇదొకటి అని మాత్రమే అర్థం. కానీ బొగ్గు తోలే లారీ ఫ్యాక్టరీ రంగుతో ఎన్నాళ్లుంటుంది? బాడీ కట్టిన షెడ్డులో ఒక రంగు, ఫిట్‌నెస్‌కు పోయే ముందు ఇంకో చేయి, సొట్ట పడ్డచోట లప్పం పూసి దాని మీద పెయింటరు చేత్తో కలిపిన రంగు, ఓనరు మారితే మళ్లీ కొత్త రంగు. ఇలా ఆరేడు పొరలు, ఆ వరుస, మధ్యలో లప్పం ఎంత మందం అన్నవి మరో బండిలో అచ్చు అలాగే కుదరడం కష్టం. బంపరు మీద విరిగిన అంచుకూ రోడ్డు మీద దొరికిన పెచ్చు అంచుకూ అతుకు కుదిరితే ఇక వాదనే లేదు. కొత్త కారుకన్నా పాత లారీయే మంచి సాక్షి అన్నమాట. ఈ సంగతి మన దర్యాప్తులు వాడుకున్నంతగా కనబడదు.

అయితే పోల్చడానికి అవతలి బండి దొరకాలి కదా? బొగ్గుబెల్టుకున్న సౌకర్యం ఇక్కడే. బొగ్గు లారీ కాంటా ఎక్కకుండా బయటికి రాదు. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూకం, టైము, నంబరు అన్నీ నమోదవుతాయి. బూడిద లారీకీ, ఇసుక లారీకీ కాగితాలుంటాయి. ప్రమాదం జరిగిన గంటకు అటూ ఇటూ ఆ దారిన పోయిన బండ్ల జాబితా తీస్తే వేలల్లోంచి పదుల్లోకి వస్తాం. సీసీ కెమెరాలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఆ మిగిలిన కొన్ని బండ్ల దగ్గరికి పెచ్చు తీసుకుని వెళ్లాలి. వారం ఆలస్యమైతే ఆ బంపరు ఏ షెడ్డులోనో విప్పేసి ఉంటుంది.

పెచ్చు దొరికేది రోడ్డు మీదే కాదు. మృతుడి బట్టల్లో ఉంటుంది. గుద్దిన వేడికి, ఒరిపిడికి పెయింటు మెత్తబడి చొక్కా నేతలోకి దిగిపోతుంది. అవతల ప్లాస్టిక్ బంపరు మీద అదే చొక్కా నేత అచ్చు పడుతుంది. ఆ రెండూ ఒకదాన్ని ఒకటి పట్టిస్తాయి. మరి ఆ బట్టలు ఏమవుతున్నాయి? మార్చురీలో కత్తిరించి తీస్తారు. నెత్తురుతో తడిసిన చొక్కా, ప్యాంటు, బనీను అన్నీ ఒకే పాలిథిన్ సంచిలో ముద్దగా కుక్కుతారు. రెండు రోజుల్లో బూజు పడుతుంది, పెచ్చులు సంచి గోడకు అతుక్కుంటాయి. ఒక్కోసారి బట్టలు కుటుంబం చేతికే వస్తాయి, వాళ్లు ఆచారం ప్రకారం గోదావరి ఒడ్డున వదిలేస్తారు. చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. ఒక్కో బట్టను విడిగా నీడలో ఆరబెట్టి, విడివిడి కాగితంలో చుట్టడం. పెచ్చును పత్తిలో పెట్టకుండా, టేపుకు అంటించకుండా మడతపెట్టిన తెల్లకాగితంలో ఉంచడం. అనుమానపు బండి నుంచి నమూనా తీసేటప్పుడు పైపైన గీకకుండా, దెబ్బ తగిలిన చోటికి పక్కనే, రేకు కనిపించేదాకా అన్ని పొరలూ వచ్చేలా బ్లేడుతో ఎత్తడం. పైపైన గీకితే వచ్చేది చివరి పెయింటరు వేసిన రంగొక్కటే. అంతకుముందున్న చరిత్రంతా బండి మీదే ఉండిపోతుంది.

మట్టి దగ్గరికి వద్దాం. ఇక్కడ బొగ్గుబెల్టుకో ప్రత్యేకమైన చిక్కుంది.

1904లో జర్మనీలో ఎవా డిష్ అనే కుట్టుపని చేసుకునే యువతిని చంపేశారు. అక్కడ దొరికిన జేబురుమాలును ఫ్రాంక్‌ఫర్ట్ రసాయన శాస్త్రవేత్త గియోర్గ్ పోప్ పరీక్షించాడు. చీమిడిలో నస్యం, బొగ్గు నలుసులు, హార్న్‌బ్లెండ్ అనే ఖనిజపు రేణువులు కనిపించాయి. అనుమానితుడు బొగ్గు కాల్చే గ్యాసు కర్మాగారంలో కొంతకాలం, కంకర గుంతలో కొంతకాలం పనిచేసేవాడు. అతని గోళ్ల కింద అవే దొరికాయి. మట్టి పరీక్షతో నేరస్తుణ్ని పట్టుకున్న తొలి కేసుల్లో ఇదొకటని ఫోరెన్సిక్ పుస్తకాలు చెబుతాయి.

అదే కేసు గోదావరిఖనిలో జరిగి ఉంటే పోప్ చేతులెత్తేసేవాడు. ఇక్కడ జేబురుమాలు నల్లగా లేకపోతేనే మనిషిని అనుమానించాలి! అనుమానితుడి చెప్పులకు బొగ్గుదుమ్ము ఉందని నివేదిక తెస్తే ఫైవింక్లైన్ చౌరస్తాలో టీ తాగే ప్రతివాడూ అనుమానితుడే. ఎక్కడ చూసినా ఉండేది ఏదీ రుజువు చెయ్యదు. ఈ మూల సూత్రాన్ని పట్టించుకోకుండా మట్టి పొట్లాలు హైదరాబాద్ పంపితే ల్యాబు టైము వృథా, కోర్టు టైము వృథా, ఒక్కోసారి నిర్దోషి జీవితం వృథా.

కానీ ఈ నేలలో ఉన్నది బొగ్గొక్కటే కాదు. పొడిని మైక్రోస్కోపు కింద పెడితే ఈ పది పదిహేను కిలోమీటర్లలో ఉన్నంత వైవిధ్యం మామూలు ఊళ్లలో కనబడదు. 2,600 మెగావాట్ల పాత ఎన్టీపీసీ కేంద్రం నుంచి వచ్చే బూడిదలో ఎక్కువ భాగం గాజు గోళీలు. కంటికి ఆనని, నున్నటి గుండ్రటి రేణువులు. సహజమైన మట్టిలో అంత గుండ్రం కుదరదు. కుందనపల్లి బూడిద చెరువు దగ్గర తిరిగిన టైరును అవి ఇట్టే పట్టిస్తాయి. బసంత్‌నగర్ వైపు సున్నపురాయి, సిమెంటు దుమ్ము. భూగర్భ గనిలో బొగ్గుదుమ్ము పేలకుండా చల్లే స్టోన్‌డస్టు కూడా సున్నపురాయి పొడే. కాబట్టి బాయి దిగి వచ్చిన బూటులో బొగ్గు, స్టోన్‌డస్టు కలిసి ఉంటాయి. ఓసీపీలో, అంటే ఉపరితల గనిలో తిరిగిన బూటులో ఆ పొడి ఉండదు, ఓబీ కుప్పల్లోని, అంటే బొగ్గు కోసం పైనుంచి తొలగించిన మట్టికుప్పల్లోని గోండ్వానా ఇసుకరాయి నలుసులుంటాయి. గనుల్లో ఖాళీలు పూడ్చడానికి స్టోయింగ్ కోసం తోలిన గోదావరి ఇసుక వేరు, అంతర్గాం వైపు చేలలోని చల్క వేరు, రేగడి వేరు. గంగానగర్ నుంచి వంతెన దాటి మంచిర్యాల వైపు పోతే మళ్లీ వేరు. మీ కమిషనరేట్ గోదావరికి రెండు ఒడ్డులా విస్తరించి ఉంది కాబట్టి ఆ తేడా కూడా పనికొస్తుంది.

ఇంకా ముఖ్యమైనది పొరల వరుస. పోప్ 1908లో చేసిన రెండో కేసు అందుకే పేరుపొందింది. మార్గరెటె ఫిల్బర్ట్ హత్య కేసులో అనుమానితుడి బూట్లను అంతకుముందు రాత్రే శుభ్రం చేశానని అతని భార్య చెప్పింది. అంటే బూటుకు పట్టిందంతా ఆ ఒక్క రోజుదే. మడమ ముందు భాగంలో పేరుకున్న మట్టిని పోప్ పొరలు పొరలుగా విప్పాడు. అడుగున పెద్దబాతు రెట్ట, అది అతని ఇంటి ముందుదే. దాని మీద ఎర్ర ఇసుకరాయి రేణువులు, అవి శవం దొరికిన చోటివి. ఆ పైన బొగ్గు, ఇటుక పొడి, సిమెంటు. అతని తుపాకీ, ప్యాంటు దొరికిన పాత కోట దగ్గర మట్టి అలాంటిది. తన పొలాల్లోనే తిరిగానన్నాడు అతను. ఆ పొలాల్లో ఉండే రాతి రేణువులు మాత్రం బూటు మీద ఒక్కటీ లేవు. ఉన్నవెంత సాక్ష్యం చెప్పాయో లేనివీ అంతే చెప్పాయి.

లారీ మడ్‌గార్డు కింద గడ్డకట్టిన మట్టి కూడా ఇలాంటి రోజువారీ డైరీయే. ఏ ఓబీ కుప్ప, ఏ బూడిద చెరువు, ఏ సిమెంటు గోడౌను ఏ వరుసలో తిరిగిందో అందులో ఉంటుంది. దాన్ని చిదిపి సీసాలో పోస్తే మిగిలేది పొడి. గడ్డను గడ్డగానే ఎత్తి, ఏ చక్రం దగ్గరిదో రాసి, గట్టి డబ్బాలో పంపితే అదొక పుస్తకం. ప్రమాద స్థలంలో రాలిన గడ్డలోని వరుస, బండి కింద మిగిలిన గడ్డలోని వరుస ఒకటే అయితే ఇక బొగ్గు అంతటా ఉందన్న అభ్యంతరం నిలవదు.

లోహం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మూతపడ్డ గనుల నుంచి రాగి కేబుళ్లు, ఇనుప తుక్కు పోవడం ఇక్కడ పాత కథ. దొరికిన రాగి ఆ గనిదేనా అని రసాయన పరీక్షకు పంపడం వల్ల ఒరిగేది తక్కువ. కేబుల్లో వాడే రాగి ఎక్కడిదైనా 99.9 శాతం స్వచ్ఛమైనదే. చెప్పగలిగింది కోసిన చివర. కట్టరు అంచులోని చిన్న చిన్న నొక్కులు మెత్తటి రాగి మీద సన్నటి గీతలుగా దిగుతాయి. గనిలో మిగిలిన కొసను, తుక్కు దుకాణంలో దొరికిన కొసను, పట్టుబడ్డ కట్టరుతో ల్యాబులో కోసిన సీసపు ముక్కను పక్కపక్కన పెట్టి చూస్తారు. అందుకని గనిలో మిగిలిన కొసను కూడా కోసి భద్రపరచాలి. పోయిన సరుకు వెంట పరుగెత్తే హడావుడిలో మిగిలిన కొస మాట మరచిపోవడం తేలిక. అలాగే గీకేసిన ఛాసిస్ నంబరు. అచ్చు కొట్టినప్పుడు అంకె కింది లోహం కూడా లోపలిదాకా నలిగి ఉంటుంది. పైన అరగదీసినా, రాగి క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం రాస్తే నలిగినచోటు వేరుగా తేలి అంకెలు మళ్లీ కనబడతాయి.

ప్రమాదాల్లో ఎవరూ ఎత్తని లోహం ఒకటుంది: పాత లారీల హెడ్‌లైటు బల్బులోని టంగ్‌స్టన్ తీగ. లైటు వెలుగుతుండగా బల్బు పగిలితే వేడి తీగకు గాలి తగిలి తుప్పులా రంగు మారుతుంది. పగిలిన గాజు పొడి దాని మీద కరిగి అంటుకుంటుంది. ఆర్పి ఉంటే తీగ మెరుస్తూనే ఉంటుంది. లైటు వేసుకునే వచ్చాను, అతనే అడ్డమొచ్చాడు అన్న డ్రైవరు మాట నిజమో కాదో ఆ సెంటీమీటరు తీగ చెబుతుంది. నిజమైతే డ్రైవరును కాపాడేదీ అదే. ఎల్‌ఈడీలు వచ్చాక ఈ సాక్షి మెల్లగా కనుమరుగవుతోంది గానీ మన రోడ్ల మీద ఇంకా కొన్నేళ్లు ఉంటుంది.

ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ లొకార్డ్ 1910లో లియాన్ పోలీసుల కోసం ల్యాబు పెట్టినప్పుడు అతని చేతిలో ఉన్నది మైక్రోస్కోపు, స్పెక్ట్రోస్కోపు. దొంగ నాణేల ముఠా బట్టలు దులిపించి, ఆ దుమ్ములో సీసం, తగరం, ఆంటిమొని ఉన్నాయనీ, నాణేల్లోనూ అవే ఉన్నాయనీ చూపించాడు. పరికరాలు లేవని చేతులు ముడుచుకునేవాళ్లు ఆ కేసు చదవాలి. పరికరాలు ఎక్కువై దారితప్పినవాళ్ల కథ అమెరికాది. తూటాలోని సీసంలో మూలకాల పాళ్లు చూసి ఇది ఫలానా పెట్టెలోని తూటాయేనని ఎఫ్‌బీఐ దశాబ్దాలపాటు కోర్టుల్లో చెప్పింది. మూలకాల కొలతలు సరైనవే, కానీ ఒకే రకం సీసం ఎన్ని లక్షల తూటాల్లోకి పోతుందో ఎవరూ లెక్క కట్టలేదు. 2004లో అక్కడి జాతీయ పరిశోధనా మండలి తప్పు పట్టింది. 2005లో ఎఫ్‌బీఐ ఆ పరీక్షనే మానేసింది.

అందుకే నివేదికలోని వాక్యం విషయంలో పట్టుదల అవసరం. సురక్షా సంహిత 329 కింద ప్రభుత్వ ల్యాబు నిపుణుడి నివేదికను అతను కోర్టుకు రాకుండానే సాక్ష్యంగా వాడవచ్చు. అంటే చాలాసార్లు ఆ కాగితమే సాక్షి. రెండు నమూనాలూ ఒకేలా ఉన్నాయి అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. ఎన్ని పొరలు కలిశాయి, అలాంటి పెయింటు ఎంత సాధారణం, ఆ మట్టి చుట్టుపక్కల ఇంకెక్కడ దొరుకుతుంది అన్నవి అందులో ఉండాలి. రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబుకు పంపే ఉత్తరంలోనే ఈ ప్రశ్నలు రాసి పంపాలి. అడిగిన ప్రశ్న బట్టే జవాబు వస్తుంది.

మీ పరిధిలోని కల్వచర్ల పేరు ఇక్కడ తలచుకోక తప్పదు. 2021 ఫిబ్రవరి 17న అక్కడ పట్టపగలు, నడిరోడ్డు మీద న్యాయవాద దంపతులు గట్టు వామన్‌రావు, నాగమణి హత్యకు గురయ్యారు. ఆయుధాల కోసం సుందిళ్ల బ్యారేజీ నీళ్లలో గాలించారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. కోర్టు ముందున్న కేసు మీద ఇక్కడ వ్యాఖ్యానం తగదు. ఎవరూ కాదనలేనిది ఒకటుంది. నాలుగేళ్ల తర్వాత ఎంత పెద్ద సంస్థ వచ్చినా మొదటి గంటల్లో ఎవరో ఎత్తి, కట్టి, రాసి పెట్టినవాటి మీదే ఆధారపడాలి. ఇనుము నీళ్లలో మునిగినా అంచుమీది నొక్కు కొంతకాలం నిలుస్తుంది. రోడ్డు మీది దుమ్ము నిలవదు, సాయంత్రానికే పోతుంది.

కమిషనర్ గారూ, అడగదలచుకున్నవి కొన్నే. గుర్తుతెలియని వాహనం ఢీకొని మనిషి చనిపోయిన ప్రతి కేసుకూ, సెక్షను ఏదైనా సరే, క్లూస్ టీం వెళ్లాలని ఒక స్థాయీ ఉత్తర్వు ఇవ్వండి. అది వచ్చేలోపు పెట్రోలింగ్ బండిలోని కానిస్టేబుల్ ఆ కొద్ది జాగా చుట్టూ అడ్డు పెట్టి, పెచ్చులు ఎత్తగలగాలి. కావలసింది కాగితం కవర్లు, పట్టకారు, బ్లేడు, మంచి టార్చిలైటు, ఒక పూట శిక్షణ. సింగరేణి యాజమాన్యంతో మాట్లాడి కాంటా రికార్డులు, కెమెరా దృశ్యాలు అడిగిన రోజే చెరిగిపోకుండా పక్కన పెట్టే ఏర్పాటు చెయ్యండి. సగానికి పైగా రాష్ట్ర ప్రభుత్వ వాటా ఉన్న సంస్థ కాదనడానికి కారణం లేదు.

మట్టి విషయంలోనూ వాళ్ల సాయమే కావాలి. నేలను పొరలు పొరలుగా చదవడం సింగరేణి భూగర్భ శాస్త్రవేత్తలకు నిత్యం చేసే పని. ఓబీ కుప్పలు, రహదారి అంచులు, బూడిద చెరువులు, ఇసుక ర్యాంపులు, చేల గట్లు, వీటన్నిటి నమూనాలు ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి తీసి, స్థలం రాసి, ల్యాబుకు ఒక ప్రతి ఇస్తే ఈ ప్రాంతానికంటూ ఒక మట్టి పటం తయారవుతుంది. అది లేనంతకాలం ఇక్కడి మట్టి నివేదిక ఏదైనా డిఫెన్సు లాయరు వేసే ఒక్క ప్రశ్నకు కూలిపోతుంది: ఈ మట్టి ఇంకెక్కడా లేదని మీకెలా తెలుసు? చివరగా, ఏమేమి సేకరించారు, ఏ తేదీన ల్యాబుకు పంపారు అన్న జాబితా మృతుడి కుటుంబానికి రాతపూర్వకంగా ఇప్పించండి. ట్రిబ్యునల్ ముందు వాళ్లకు అదే ఆధారం.

ఈ లేఖ చదువుతున్న బొగ్గుబెల్టు కుటుంబాలకు కూడా ఒక మాట. అలాంటి కష్టం ఎవరికీ రాకూడదు. వస్తే మాత్రం మనిషి ఒంటి మీది బట్టలు, చెప్పులు, హెల్మెట్, సైకిలో బండో ఏదైనా కడగకండి, తుడవకండి, గోదావరిలో వదలకండి. బండిని మెకానిక్ దగ్గరికి తీసుకుపోకండి. అన్నీ ఉన్నవి ఉన్నట్టు స్టేషన్‌లో అప్పగించి, వాటి పేర్లన్నీ రాసిన రసీదు అడిగి తీసుకోండి.